పాట ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి

"విన్న పాటలే గదా, మళ్లీ వినడానికి అంత దూరం పోవాల్నా?" ఈ మాట నన్ను అడగనివాళ్లు మా రుద్రవరంలో తక్కువ. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు అడుగుతారు. ఆళ్లగడ్డ బస్సులో పక్కన కూచున్న పెద్దామె టిక్కెట్టు తీసుకోకముందే అడుగుతుంది. అడిగినవాళ్లందరికీ నిలబడి జవాబు చెప్పలేను. అందుకే చెల్లెళ్లూ, ఈసారి ముచ్చట్లలో ఆ సంగతే మాట్లాడుకుందాం. పొయ్యి కట్టేసి, కాస్త తీరిక చేసుకుని రండి.

నేను వెంటబడి తిరిగేది అగం అనే బ్యాండు కోసం. బెంగళూరు వాళ్లు. 2003లో కలిశారు. పగలంతా ఉద్యోగాలు, సాయంత్రం అయితే సాధన, అట్లా మొదలైన గుంపు అది. పాడేది హరీష్ శివరామకృష్ణన్, వయొలిన్ కూడా ఆయనే అందుకుంటాడు. 2007లో సన్ టీవీ వాళ్ల 'ఊ లలలా' అనే బ్యాండుల పోటీలో గెలిచారు, 2012లో మొదటి ఆల్బమ్ తెచ్చారు. వాళ్లు చేసేది రాక్ సంగీతమే. డ్రమ్ములుంటాయి, ఎలక్ట్రిక్ గిటార్లుంటాయి, గుండె అదిరేంత చప్పుడుంటుంది. కానీ ఆ చప్పుడు నడిమధ్య నుంచి పైకి లేచేది కర్ణాటక సంగీతం. చాలాసార్లు త్యాగయ్య కృతి. అంటే తెలుగు.

నాకు సంగీతం నేర్పినవాళ్లు ఎవరూ లేరమ్మా. చిన్నప్పుడు తెల్లవారుజామున ఆకాశవాణి కడపలో వచ్చే భక్తిరంజని, మా వీధి రామాలయంలో భజన, నా చదువు అంతే. ఇప్పుడు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని కుడతా. లైనింగ్ జాకెట్లు, ఫాల్స్, పీకో, పెళ్లిళ్ల కాలం వస్తే అన్నం తినే తీరిక కూడా ఉండదు. మిషన్ మీద కూచుంటే ఫోన్లో ఏదో ఒకటి పాడుతుండాల్సిందే. అట్లా ఒకరోజు ఒక పాట తర్వాత ఇంకో పాట దానంతటదే మారుతూ పోతుంటే గిటారు మోత ఒకటి మొదలైంది. ఇదేం గోల అని ఆపడానికి చెయ్యి చాపేలోగా ఆ మోతలోంచి 'మనవ్యాలకించరాదటే' అన్న మాట వినబడింది. చెయ్యి అక్కడే ఆగింది. నళినకాంతి రాగమని తర్వాత తెలుసుకున్నా. త్యాగయ్య అందులో ఎవరితోనో కాదు, తన మనసుతోనే మాట్లాడుతున్నాడు. నా మనవి వినవా, మర్మమంతా చెబుతాను గదా అని బతిమాలుకుంటున్నాడు. రేడియోలో విన్నప్పుడు అది పెద్దవాళ్ల పాట, గుడి పాట. ఇప్పుడు అదే నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది. పగలంతా ఎవరి కొలతలో రాసుకుంటూ, ఎవరి తొందరకో దారం ఎక్కిస్తూ కూచునేదాన్ని. నా మనసుతో నేను మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో ఆ రోజు తట్టింది.

ఫోన్లో వినడం వేరు, ఎదురుగా నిలబడి వినడం వేరు. ఇది చెబితే అర్థమయ్యేది కాదు గానీ చెప్పి చూస్తా. బెంగళూరులో వాళ్ల కచేరీకి మొదటిసారి పోయినప్పుడు కుర్చీలు లేవు. అందరూ నిలబడే ఉన్నారు. నా వయసువాళ్లు తక్కువ, చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే కావచ్చు. నా ముందు మలయాళం మాట్లాడుకునే పిల్లలు, పక్కన కన్నడం వాళ్లు, వెనక తమిళం. లైట్లు ఆరినాయి. డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడేసరికి అది చెవికి కాదు, కాళ్ల కింద నేలకు తెలిసింది. ఆ పైన హరీష్ ఆలాపన అందుకున్నాడు. ఎక్కడికి తీసుకుపోతాడో తెలీదు. పైకి, ఇంకా పైకి పోయి, ఇక ఊపిరి అందదు అనుకున్నచోట నిలబెట్టి కృతిలోకి దిగాడు. అంతమంది ఒక్క గొంతుతో అందుకున్నారు. తెలుగు మాటలు! తెలుగు రాని పిల్లలు, అక్షరం తప్పు పోకుండా! 1767లో పుట్టి 1847లో వెళ్లిపోయిన మనిషి, తిరువయ్యారులో కూచుని తెలుగులో పాడుకున్న మనిషి, ఆ రాత్రి బెంగళూరులో పాతికేళ్ల పిల్లల నోట్లో ఉన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

నా పక్కనున్న మలయాళం పిల్ల చూసి భయపడింది. "ఆర్ యూ ఓకే ఆంటీ?" అని భుజం పట్టుకుంది. ఇది మా భాష తల్లీ అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పినా. ఆ పిల్ల మొహం చూడాలి! అయితే దీని అర్థం ఏంది, ఆ మాటకు అర్థం ఏంది అని పాట పాటకూ అడగడం మొదలుపెట్టింది. ఏళ్లుగా నోటికి వచ్చిన పాటేనంట, అర్థం ఎవరూ చెప్పలేదంట. 'మర్మము' అంటే ఏమో, 'మనవి' అంటే ఏమో ఆ గోలలో చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినా. పదో తరగతితో చదువు ఆపేసిన నన్ను ఒక ఇంజనీరు పిల్ల అంత శ్రద్ధగా వినింది. ఈ రోజుకీ కచేరీ ఎక్కడుందో నాకు మొదట చెప్పేది ఆ పిల్లే. కేరళలో వాళ్లింటికి పోయి, వాళ్లమ్మ చేతి పుట్టు తిని వచ్చినా.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. అవే పాటలు మళ్లీ ఎందుకు?

అవే పాటలు కావు గనక. కృతి ఒకటే, సాహిత్యం ఒకటే. కానీ ఆలాపన ఏ రోజుకా రోజు అప్పుడు పుట్టేదే. స్వరం వేయడమూ అంతే, అప్పటికప్పుడు మనసులో ఏది తోస్తే అది. దీన్నే సంగీతం వాళ్లు మనోధర్మం అంటారు. రాక్‌లో గిటారు వాయించేవాడికి కూడా ఆ స్వేచ్ఛ ఉంది. ఈ బ్యాండులో ఆ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. గొంతు ఒక మాట విసిరితే గిటారు అందుకుని ఇంకోలా తిప్పి ఇస్తుంది, ఇది కాదు చూడు అని గొంతు మళ్లీ అంటుంది. ఒక ఊళ్లో ఆ వాదం చిన్నగా తెమిలిపోతుంది. ఇంకో ఊళ్లో ఎంతకీ తెగదు, జనం కేకలు పెట్టేకొద్దీ సాగుతూనే ఉంటుంది. హైదరాబాదులో విన్నప్పుడు జనానికి మాటలు తెలుసు గనక సాహిత్యం దగ్గర ఈలలు పడ్డాయి. చెన్నైలో స్వరం దగ్గర చప్పట్లు పడ్డాయి, అక్కడివాళ్ల చెవి అక్కడుంది. కొచ్చిలో వాళ్ల మలయాళం పాట మొదలుపెట్టేసరికి నాకు ఒక్క ముక్క రాకపోయినా ఒళ్లు జలదరించింది. పాట అదే అయినా వినే ఊరు మారితే పాట మారుతుందమ్మా. ఇది ఇంట్లో కూచుని ఫోన్లో వింటే తెలిసేది కాదు.

ఇట్లా బ్యాండు వెంట ఊరూరా తిరగడం నాతో మొదలైంది కాదు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక బ్యాండు ఉండేది. 1965లో కాలిఫోర్నియాలో మొదలై 1995లో వాళ్ల గిటారిస్టు జెర్రీ గార్షియా చనిపోయేదాకా తిరుగుతూనే ఉన్నారు. వాళ్ల వెంట తిరిగే జనానికి డెడ్‌హెడ్స్ అని ఒక పేరే పడింది. పాత వ్యాన్లలో వంటలు చేసుకుంటూ, అమ్ముకుంటూ, ఊరూరా వెంటపోయేవాళ్లు. ఏ రాత్రి ఏ పాట ఏ వరసలో వస్తుందో ముందు తెలిసేది కాదు, ఒకే పాటను రోజుకొక రకంగా సాగదీసి వాయించేవాళ్లు. 1984 నుంచి టేపులో రికార్డు చేసుకునేవాళ్లకు కచేరీలో వేరే చోటే ఇచ్చారు. ఆ టేపులు జనం అమ్ముకోలేదు, ఒకరికొకరు ఊరకే ఇచ్చిపుచ్చుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు వింతేమీ అనిపించలేదు. వెంట తిరగడమంటే ఏందో రుద్రవరం ఆడపిల్లకు అమెరికా చెప్పాల్నా?

మన పార్వేట ఏంది మరి!

మా వైపు కాని చెల్లెళ్లకు చెబుతా. కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి ఊళ్ల మీదికి బయలుదేరుతాడు. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు, ఇద్దరూ ఒకే పల్లకీలో. చెంచులు బాణాలు వదిలి సాగనంపుతారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి గదా, వాళ్ల ఇంటి అల్లుడు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని ఊరూరా తానే పోయి పిలుస్తాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు. అహోబిలం మఠం మొదటి జీయరు కాలం నుంచి, అంటే ఆరు వందల ఏండ్లుగా సాగుతోందని పెద్దలు చెబుతారు. దీనికి యునెస్కో గుర్తింపు రావాలని వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్లు గట్టిగా అడిగారు. రావాలి, రాకపోతే ఎట్లా. మాలోల నరసింహుడి ఉత్సవమూర్తి అయితే ఏకంగా జీయరుస్వామితో దేశమంతా తిరుగుతూనే ఉంటాడు. మా దేవుళ్లకే ఒకచోట కూచునే అలవాటు లేదు.

పల్లకీ ఊళ్లోకి వచ్చే రోజే ఆ ఊరికి అసలు పండగ. సంక్రాంతికి కుట్టించుకున్న గుడ్డలు పెట్టెలో దాచిపెట్టి ఆ రోజు కట్టుకునే ఇండ్లు నాకు తెలుసు. నా మిషన్‌కు పని పెరిగేది కూడా అప్పుడే. ఆడపడుచులు, అల్లుళ్లు దిగుతారు. భక్ష్యాలు చేస్తారు. తిరునాళ్లలో గాజుల అంగళ్లు, మిఠాయి, పిల్లల బొమ్మలు. బోయీలు పల్లకీ భుజానికెత్తుకుని వస్తుంటే ఆ నడకకే ఒక లయ ఉంటుంది. మా జేజి ఆ పల్లకీ వెంట పడి పోయేది. మా ఊరికి వచ్చినప్పుడు చూసి ఊరుకునేది కాదు, పక్కూరికి పోయేది, ఆ పక్కూరికీ పోయేది. నన్ను చంకనేసుకుని, కాస్త పెద్దయ్యాక చెయ్యి పట్టుకుని. దోవలో సద్ది విప్పుకుని ఏ చేని గట్టు మీదనో తినేవాళ్లం. చూసిన దేవుణ్ణే మళ్లీ చూడ్డానికి ఎందుకు జేజీ అని నేనే ఒకసారి అడిగినా. "ఆ ఊళ్లో ఎట్లుంటాడో సూడొద్దా" అనింది. పల్లకీ అదే, స్వామి అదే. ఒక ఊళ్లో అలంకారం ఎక్కువ, ఒక ఊళ్లో జనం ఎక్కువ, ఒక పల్లెలో నలుగురే ఉన్నా ఆ నలుగురి కళ్లు వేరే. జేజికి అవన్నీ లెక్కే. ఇంటికొచ్చినాక వారం రోజులు ఏ ఊళ్లో ఏం జరిగిందో అరుగు మీద కూచుని చెబుతానే ఉండేది.

ఆమెను ఒక్కరు కూడా ఎందుకు పోతాండావని అడగలేదు. దేవుడి వెంట గదా.

నేను మీతో అనాలనుకున్న మాట ఇదే చెల్లెళ్లూ. దేవుడి పేరు చెబితే మనకు గడప దాటే వీలుంది. పెళ్లికి, పేరంటానికి, పురిటికి, ఆస్పత్రికి వీలుంది. పాట కోసం పోతానంటే మాత్రం ఇంట్లో నలుగురి మొహాలు మారుతాయి. మగవాళ్లకు ఈ బాధ లేదు. మా పెద్దల కాలంలో హరిశ్చంద్ర నాటకం ఎక్కడ వేస్తే అక్కడికి బండి కట్టుకుని పోయి, కాటిసీను పద్యాలకు వన్స్‌మోర్లు కొట్టి, తెల్లారి ఇంటికొచ్చి పడుకునే మగవాళ్లు ఊరికి పదిమంది ఉండేవాళ్లు. వాళ్లను రసికులన్నారు, కళాభిమానులన్నారు. సేద్యం పాడు చేసుకుంటున్నారని అన్న మాట నేను వినలేదు. అదే పని ఆడది చేస్తే దానికి ఇంటి మీద ధ్యాస లేదంటారు. నాకు ఇల్లుంది, ఇంటి మీద ధ్యాసా ఉంది. పాట మీద కూడా ఉంది. రెండూ ఒక మనిషిలో ఉండకూడదని ఎవరు రాశారు?

మన సీమ ఆడవాళ్లు కళ కోసం ఊళ్లు తిరగలేదా అంటే, తిరిగారు. పక్కనే కడప జిల్లా సురభిలో 1885లో కీచకవధ నాటకంతో మొదలైన కుటుంబాలు పిల్లాజెల్లాతో సహా డేరాలు వేసుకుంటూ ఆంధ్రదేశమంతా తిరిగాయి. బయట ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న రోజుల్లో సురభి ఆడవాళ్లు తమ వేషాలు తామే కట్టారు. ఆ ఇంటి బిడ్డ సురభి కమలాబాయి 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి. అప్పట్లోనే వాళ్లు అంత తిరిగితే, ఇప్పుడు రైలెక్కి పోయి ఒక పాట విని వచ్చేదానికి మనం ఇంతగా వెనకాడాల్నా?

మా ఆయన సంగతి అడుగుతారని తెలుసు. ఆయన మొదట్లో ఔననలేదు, కాదనలేదు. డబ్బు నా మిషన్ మీదదే, అందులో ఎవరి సొమ్మూ లేదు. రెండోసారి పోయేటప్పుడు నంద్యాల స్టేషన్ దాకా తానే బండి మీద తీసుకొచ్చి దించాడు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, "వాళ్ల పాట ఒకటి వినిపించు, అంతగా ఏముందో సూద్దాం" అన్నాడు. ఒక చెవిలో ఆయనకు, ఒక చెవిలో నాకు వైరు పెట్టుకుని విన్నాం. "డప్పు బాగా కొడుతున్నారు" అన్నాడు. అంతే అన్నాడు. నాకు అది చాలు. ఆయనకు పాటకంటే డప్పు ఇష్టం, ఆయన ఇష్టం ఆయనది.

పోవాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి గదా, అక్కనయ్యాక. కచేరీ రాత్రి పదింటికి అటూ ఇటూగా అయిపోతుంది, అప్పుడు వెతుక్కోకుండా దిగే చోటు ముందే చూసుకోండి. తెలిసినవాళ్ల ఇల్లుంటే మేలు, లేకపోతే ఆడవాళ్ల హాస్టళ్లలో ఒక రాత్రికి కూడా ఇస్తారు. టిక్కెట్టు ఫోన్లోనే కొనాలి, అది చూపిస్తే గేటు దగ్గర చేతికి పట్టీ కడతారు, దాన్ని తెంపుకోవద్దు. ఆడవాళ్లకు తనిఖీ వరస వేరేగా ఉంటుంది. సంచి చిన్నది పట్టుకోండి, నీళ్లసీసా లోపలికి పోనివ్వరు. ముందు వరసకు పోవాలంటే గేటు తెరవకముందే చేరాలి, గంటల కొద్దీ నిలబడాలి, కాళ్లకు చెప్పులు మెత్తనివి వేసుకోండి. పెద్ద స్పీకర్ల ముందు నిలబడొద్దు, చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు మందుల షాపులో దొరుకుతాయి. వాటితో పాట ఏమీ తగ్గదు, నమ్మండి. ఒంటరిగా పోతున్నామని భయం వద్దు. పక్కన నిలబడిన ఆడపిల్లను పలకరిస్తే చాలు. అదే పాట కోసం వచ్చిన మనిషి మనకు కొత్తమనిషి ఎట్లవుతుంది?

ఇంకొకటి. డబ్బు దాచుకోండి, చిన్నదైనా సరే, మీ చేతిలో మీ పేరున ఉండాలి. పీకో చేసిన డబ్బులు నేను విడిగా ఒక డబ్బాలో వేస్తా. అది ప్రయాణాల డబ్బు. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ముందు వేరే దారులన్నీ చూసి చివరికి గానీ దాని మీద చెయ్యి పెట్టను. ఈ మాట కొందరికి కటువుగా తోచొచ్చు. నాకు తోచదు. ఏండ్ల తరబడి మన అమ్మలు పోపుల డబ్బాలో దాచిందంతా ఎవరి అవసరాలకు పోయిందో మనకు తెలుసు.

మీరు కూడా ఎవరి వెంటనైనా తిరిగుంటారు. బుర్రకథ దళం కావచ్చు, హరికథ కావచ్చు, చెక్కభజన గుంపు కావచ్చు, సినిమా పాటల ఆర్కెస్ట్రా కావచ్చు. ఇంట్లో ఏం చెప్పి పోయారు, అక్కడ ఏం చూశారు, తిరిగొచ్చాక ఎవరికి చెప్పుకున్నారు, అంతా రాసి పంపండి. పేరు వెయ్యొద్దంటే వెయ్యం. వచ్చే నెల ముచ్చట్లలో మీవే చదువుకుందాం.